ఐ, ఎన్‌తో మొదలయ్యే మాటలు

పోయిన వారం ఆధార్ కాపీ తీయించుకోవడానికి అనంతపురం బస్టాండు పక్క సందులో ఒక జిరాక్స్ అంగడికి పోయాను. కౌంటరు మీద పరీక్షల మెటీరియల్ కట్టలు కట్టలుగా పేర్చి ఉంది. పై కట్టలో మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఇంగ్లీషు మాటల కుటుంబాలు' అని రాసి ఉంది. కింద ఎవరి పేరూ లేదు. నాకు పేరు అక్కర్లేదు, ఆ చేతిరాత నాదే. వేలితో పన్నెండో పేజీకి తిప్పాను. చివరి నుంచి మూడో వరసలో ఆ మాట అలాగే ఉంది, దాని ఎదురుగా నేను రాసిన అర్థమూ అలాగే ఉంది.

"ఇది తప్పుల షీటప్పా, అమ్మొద్దు," అన్నాను.

అంగడాయన మిషన్ మీద నుంచి తల తిప్పలేదు. "ఏం తప్పు సార్? దీనికున్న గిరాకీ దేనికీ లేదు. కదిరి నుంచి, ధర్మవరం నుంచి కూడా అడుగుతాండారు."

"తప్పని నాకు తెలుసు. రాసింది నేనే."

అప్పుడు తల ఎత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. తరువాత రెండు చేతులూ జోడించాడు. "మీరేనా సార్? ఎంతమంది పిల్లోళ్లు మీ షీటు చదువుకొని జాబుల్లో చేరినారో!"

నాకు కోపం తలకెక్కింది. అతని మీద కొంత, తప్పని చెప్పినా దండం పెట్టే ఈ ఊరి మీద కొంత. మిగిలిందంతా నా మీదే. ఆ కోపం ఇంకా దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పదకొండేళ్లు ఈ ఊళ్లో ఒక కోచింగ్ సెంటరులో ఇంగ్లీషు చెప్పాను. కింద సూట్‌కేసుల అంగడి, పైన మేము, మా పైన రేకులు. ఎండాకాలం ఫ్యాన్లు వేడిగాలినే అటూ ఇటూ తిప్పేవి. నిజానికి ఇంగ్లీషు చెప్పానంటే అబద్ధం. ఇంగ్లీషు మాటలు చెప్పాను. ఒకే అక్షరాలున్న మాటలన్నీ ఒక కుటుంబం. చివర 'సైడ్' ఉంటే చంపడం, 'ఫోబియా' ఉంటే భయం, 'క్రసీ' ఉంటే పాలన. ముందు ఐ, ఎన్ అనే రెండక్షరాలుంటే అర్థం తిరగబడుతుంది. నేను మాట అంటే క్లాసంతా ఒక్క గొంతుతో అర్థం అరవాలి.

"ఇన్‌విజిబుల్!"

"కనబడనిది!"

"ఇన్‌కంప్లీట్!"

"పూర్తి కానిది!"

రోడ్డు మీద ఆటోవాళ్లకు కూడా ఈపాటికి ఇంగ్లీషు వచ్చేసుంటుందని మా ఓనరు నవ్వేవాడు. పల్లెల నుంచి తొలి బస్సులు పట్టుకొని వచ్చిన డిగ్రీ పిల్లలు గొంతు పగిలేలా అరిచేవాళ్లు. వాళ్లలో ఎవరికీ ఆ మాటలతో ఒక్క వాక్యం చెప్పడం రాదు. అవసరం లేదన్నది నేనే. "వాక్యం మీకెందుకు? నాలుగు ఆప్షన్లు ఇస్తారు, ఒకదానికి టిక్ పెట్టండి" అనేవాణ్ణి. ఆ మాట అంటున్నప్పుడు గర్వంగా ఉండేది కూడా.

ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. నేనూ ఆ పరీక్షలు రాసి రాసి వయసు దాటిపోయినవాణ్ణే. తెలుగు మీడియం. ఒక ఇంగ్లీషు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివిన పాపాన పోలేదు. ఏళ్ల తరబడి బట్టీపట్టిన మాటల మూట ఒకటి నా దగ్గర మిగిలింది. ఆ మూట విప్పి కూర్చుంటే జనం సార్ అన్నారు. సార్ అనిపించుకోవడం నాకు బాగా రుచించింది.

ఆ మాటల షీటు రాసేటప్పుడు ఓనరు ఒక లెక్క పెట్టాడు. పేజీకి ఇరవై వరసలు, కుటుంబానికి ఇరవై మాటలు. ఖాళీ వరస కనబడితే పిల్లలు పక్క సెంటరుకు పోతారన్నాడు. ఐ, ఎన్ కింద నాకు పదిహేడు దొరికాయి. మిగిలిన మూడూ ఎక్కడో చూసినవి, ఎక్కడో విన్నవి. అర్థాలు తెలియవు. కానీ చేతిలో సూత్రం ఉంది కదా! ఫ్లేమ్ అంటే మంట, ముందు ఐ, ఎన్ ఉంది, కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంట అంటుకోనిది. వాల్యూ అంటే విలువ, కాబట్టి ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది. పేజీ నిండిపోయింది. డిక్షనరీ తీసి చూస్తే ఒక్క నిమిషం పట్టేది. ఆ మధ్యాహ్నం నాకు వేరే పని కూడా లేదు.

నాలుగేళ్లు ఆ షీటు నడిచింది. నాలుగేళ్లలో ఒక్కరూ ఇదేంటి సార్ అనలేదు. అనకుండా నేనే ఒక కట్టుబాటు పెట్టి ఉంచాను. షీటుకు ఎదురు చెప్పినవాళ్లు బెల్లు కొట్టేదాకా నిలబడాలి. క్లాసులో క్రమశిక్షణ కోసం అని చెప్పేవాణ్ణి. నా అజ్ఞానానికి కాపలా కోసమని ఇప్పుడు చెబుతున్నాను.

ఐదో ఏడు ఒకామె చేరింది. రాప్తాడు దగ్గర హైవే పక్కన ఆమె భర్తకు పంక్చర్ అంగడి ఉంది. ఆమె డిగ్రీ చదివింది, ఇద్దరు పిల్లల తల్లి. వచ్చే నోటిఫికేషన్ నాటికి ఆమెకు వయసు దాటిపోతుంది, ఇదే చివరి పరీక్ష. ఆ సంగతి చేరిన రోజే నాతో చెప్పింది. "మాయత్త ఈ ఒక్కతూరికి ఒప్పుకున్నాది సార్. ఇది పోతే పుస్తకాలు ఎత్తి అటక మీద పెట్టమన్నాది." చెప్పి నవ్వింది కానీ, ఆ నవ్వు వెనుక ఎంత భయం ఉందో నాకు అర్థమైంది. అర్థమై కూడా నేను ఆ పని చేశాను.

ఐ, ఎన్ కుటుంబం చెప్పిన రోజు నేను మాట అన్నాను, క్లాసు అరిచింది. "మంట అంటుకోనిది!" అరుపు ఆగాక రెండో బెంచిలో ఆమె లేచి నిలబడింది.

"సార్, ఆ మాట పెట్రోలు ట్యాంకర్ల యెనక రాసింటారు సార్."

"రాస్తే?"

"మా అంగడి కాడ గాలి పట్టేదానికి దినామూ నిలబెడతారు. ఎర్ర అక్షరాలతో ఉంటాది. నేను కూడబలుక్కొని చదివినా. అదే మాట. డ్రైవరు దిగేముందు బీడీ ఆర్పేసి దిగుతాడు సార్. అంటుకోనిదైతే ఆర్పేదెందుకు?"

క్లాసు నా వైపు తిరిగింది. ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. డిక్షనరీ చూడకుండానే తెలిసిపోయింది. ఉండమ్మా, చూసి చెప్తాను అంటే అక్కడితో అయిపోయేది. నా నోటి నుంచి వచ్చింది వేరు.

"అది లోపలి పెట్రోలు గురించి కాదమ్మా. ట్యాంకరు ఇనుము గురించి. ఈ ఇనుము అంటుకోదు, జనం భయపడొద్దు అని రాసినారు."

ఇంతకంటే సిగ్గులేని మాట నేను జీవితంలో అనలేదు. అంతకంటే ఘోరం ఏమిటంటే, ముందు బెంచీల వాళ్లు వంగి ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకున్నారు. 'ట్యాంకరు ఇనుము అంటుకోదు.'

ఆమె కూర్చోలేదు. "మా పుట్టిల్లు వజ్రకరూరు పక్కన సార్. వాన పడితే ఊరంతా చేన్ల మీద పడి మెరిసే రాయినల్లా ఏరుకుంటారు. అయినా తీసుకపోయి సావుకారికి చూపిచ్చేదాకా అది వజ్రమని ఎవురూ అనరు. మీరు దీన్ని యాడన్నా చూపిచ్చినారా సార్?"

ఆమె అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. కానీ వెనుక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నా మీదకు రాకముందే దాన్ని ఆమె మీదకు మళ్లించాలని నాకు తోచింది.

"అంతా ట్యాంకర్ల కాడే నేర్చుకున్నావు కదమ్మా, ఇంగ ఈడికెందుకు వచ్చినావు? పోయి దాని యెనకే కూర్చొని చదువుకో పో. గాలి కూడా పట్టిస్తారు."

క్లాసు గొల్లుమంది. కట్టు ప్రకారం బెల్లు కొట్టేదాకా ఆమె నిలబడింది. ఇద్దరు పిల్లల తల్లి, పెన్ను చేత్తో పట్టుకొని, గోడకేసి చూస్తూ నిలబడింది. ఆ పేజీని మొదటి నుంచి మళ్లీ చెప్పాను, క్లాసు అరిచింది. ఆమె కూడా అరిచింది. ఆ ఒక్కటి తప్ప.

ఆ సాయంత్రం ఇంటికి పోగానే నా కూతురి స్కూలు బ్యాగులోంచి డిక్షనరీ తీశాను. ఇంగ్లీషు సారు ఇంట్లో ఉన్న ఏకైక డిక్షనరీ అది. ఇన్‌ఫ్లేమబుల్: తేలిగ్గా మంట అంటుకునేది. నాలుగు పేజీలు తిప్పి ఇన్‌వాల్యుబుల్ చూశాను. వెల కట్టలేనంత విలువైనది. మూడో మాట చూడకుండా మూసేశాను.

"ఏం వెతుకుతాండావు నాయనా?" అని నా కూతురు అడిగింది.

"ఏం లేదు," అన్నాను.

మరుసటి రోజు పొద్దున ఓనరుకు చెప్పాను. ఆయన టీ తాగడం ఆపలేదు. "ఏమప్పా, ఇప్పుడు తప్పంటే మిగతావన్నీ కరెక్టేనా అని అడుగుతారు. ఒక్క దారం లాగితే గుడ్డంతా వస్తాది. గమ్మునుండు." చాలాకాలం ఆయన ఆపాడు కాబట్టే చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు. అనిపించుకోవడానికే పోయాను.

క్లాసులో ఆమెకు ట్యాంకరక్క అని పేరు పడింది. ఆమె తలుపు తీసుకొని లోపలికి వస్తే వెనుక బెంచీవాళ్లు "బీడీలు ఆర్పండ్రా" అనేవాళ్లు. మొదట్లో ఆమె కూడా నవ్వి "మీయట్లాంటోళ్లు అంటుకుంటే నీళ్లు కూడా చాలవులేప్పా" అని జవాబిచ్చేది. నేను హాజరు పుస్తకంలో తల పెట్టి విననట్టు ఉండేవాణ్ణి. ఒక్క మాట అంటే ఆ గోల ఆగేది. తొమ్మిది రోజులు అనలేదు. పదో రోజు ఆమె రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. ఖాళీ అయిన ఆ చోటు చూసి నాకు బాధ కలిగిందని రాస్తే ఈ కాగితం కూడా ఆ షీటు లాంటిదే అవుతుంది. నాకు హాయిగా అనిపించింది.

మూడు నెలలకు పరీక్ష జరిగింది. ఆ సాయంత్రం పిల్లలు మెట్లు ఎగబడుతూ పైకొచ్చారు. ఒకడు పూలదండ తెచ్చాడు, ఇంకొకడు మైసూర్‌పాక్ పొట్లం తెచ్చాడు.

"సార్, మన షీట్లోదే వచ్చింది సార్! ట్యాంకరు మాట! చూడంగానే పెట్టేసినాం."

"ఏం పెట్టినారు?" అన్నాను.

క్లాసు క్లాసంతా, అలవాటైన ఆ ఒక్క గొంతుతో అరిచింది. "మంట అంటుకోనిది!"

నా మెడలో దండ వేశారు. నా నోట్లో మైసూర్‌పాక్ పెట్టారు. నేను తిన్నాను. ఆ తీపి గొంతు దిగుతుండగా ఎదురుగా నలభై ముఖాలు వెలుగుతున్నాయి. ఆ నలభై మందిలో ఎవరికి ఆ ఒక్క మార్కు ఎంత అవసరమో ఎవరికి తెలుసు? అసలు ఈ పరీక్షలు పెట్టేవాళ్లను నిలదీయాలనిపిస్తుంది. బతుకులో ఎక్కడా పలకని మాట తెలుసా తెలియదా అని అడిగి, దాని మీద ఒక మనిషి అన్నాన్ని తేలుస్తారు. ఆ మాటను ఎండలో, రోడ్డు మీద, తన అంగడి ముందు దినామూ చూసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉండింది. ఆమెనే నేను నిలబెట్టాను. అడిగేవాళ్లది ఒక పాపమైతే నాది పది.

ఆ ఆదివారం రాప్తాడు పోయాను. హైవే పక్కన రేకుల అంగడి, ముందు పాత టైర్ల వరస. భర్త లేడు. లోపల నులకమంచం మీద ముసలామె కూర్చొని ఉంది. నేను వెతుక్కుంటూ వచ్చిన ఆమె బయట నేల మీద కూర్చొని ట్యూబును బ్రష్షుతో రుద్దుతోంది.

"ఏం సార్, గాలి పోయిందా?" అంది, నా బండి వైపు చూస్తూ.

"లేదమ్మా. నీకు ఒక మాట చెప్పాలని వచ్చినా. ఆ పొద్దు నువ్వు చెప్పిందే కరెక్టు. నాది తప్పు."

ఆమె రుద్దడం ఆపలేదు. "ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఈమధ్యే అంటే సరిపోతుంది. "ఆ సాయంత్రమే," అన్నాను.

బ్రష్షు ఆగింది. "నేను ఇప్పుడు తెలిసి వచ్చినారేమో అనుకుంటి. తెలిసీ నన్ను తొమ్మిది దినాలు ట్యాంకరని పిలిపిచ్చినారా సార్?"

అవునని తల ఊపాను.

లోపల నుంచి ముసలామె అరిచింది. "ఎవురే అది?"

"కోచింగు సారత్తా."

"ఎవురు, ఆ ట్యాంకరు సారా?"

నాకు తెలియకుండానే ఆ పేరు ఈ ఇంట్లో నాది అయింది. ఆమె నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది, ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వు వచ్చింది. కానీ ఆమె నవ్వు ముందు ఆగిపోయింది.

"పరీక్ష రాసినావా అమ్మా?"

"లేదు సార్. నా సెంటరు కర్నూల్లో పడింది. కోచింగే మానుకున్నదానివి, అంత దూరం ఏమిటికి అన్నాది మాయత్త. నాకూ అనిపిచ్చింది, నాకేం తెలుసులే అని. ఆ ఒక్క మాట తప్పైతే ఇంగ నేను చదువుకున్నదంతా అట్లనే ఏమోలే అని." ట్యూబు తిప్పి రెండో పక్క రుద్దసాగింది. "ఆ మాట వచ్చిందంట కదా పరీక్షలో."

"వచ్చింది. నన్ను క్షమించమ్మా."

"ఈడికొచ్చి నా ముందర చెప్తే ఏమొస్తాది సార్? నాకు తెలీదా ఏంది? నాకు అప్పుడే తెలుసు. తెలియంది వాళ్లకు. ఆడ చెప్పల్ల. నన్ను నిలబెట్టినారే, ఆ గదిలో చెప్పల్ల."

హైవే మీద ఒక ట్యాంకరు దుమ్ము రేపుకుంటూ పోయింది. ఇద్దరం దాని వెనుక భాగం చూశాం.

సోమవారం కొత్త బ్యాచి మొదలైంది. షీట్లు అప్పటికే పంచేశారు. పన్నెండో పేజీ తీయమన్నాను. చివరి మూడు మాటలూ కొట్టేయమన్నాను. వాటి అర్థాలు తెలియక ఊహించి రాశానని, పాత బ్యాచి అంతా నా మాట నమ్మి తప్పు టిక్ పెట్టిందని చెప్పాను. ఒకామె కరెక్టు చెప్తే ఇదే గదిలో ఆమెను ఎగతాళి చేసి నిలబెట్టానని, ఆ సాయంత్రమే నిజం తెలిసినా నోరు మెదపలేదని చెప్పాను. తలుపు దగ్గర ఓనరు నిలబడి వింటున్నాడు. ఆ నెలాఖరుకు ఇంక రావద్దన్నాడు. ఆయన షీటు మాత్రం మార్చలేదు. అదే ఇప్పుడు జిరాక్స్ అంగళ్లలో తిరుగుతున్నది.

ఆ పొద్దు క్లాసులో నేను చెప్పడం ముగించగానే ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఆమెకు జాబొచ్చిందా?"

"లేదు. పరీక్షే రాయలేదు. నా వల్ల."

ఆ అమ్మాయి ఆ మాట కూడా రాసుకోబోయి, రాయాలో వద్దో తెలియక పెన్ను ఆపింది. వెనుక నుంచి ఒకడు అడిగాడు. "అట్లైతే ఇప్పుడు ఏదానికి టిక్ పెట్టల్ల సార్? మళ్లీ మార్చరు కదా?"

మళ్లీ మార్చరు కదా! ఆ మాటకు కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. అట్లా అడగడం అతనికి నేర్పింది నాలాంటివాళ్లే. సరైన అర్థం చెప్పాను. అరవమనలేదు. ఎక్కడ చూడాలో చెప్పి, ఇంటికి పోయి డిక్షనరీలో చూసి రమ్మన్నాను. తరువాత మామూలు పాఠం మొదలుపెట్టాను.

ఆ పొద్దు కుర్చీలో కూర్చోలేదు. షీటుకు ఎదురు చెప్పాను కదా, కట్టు ప్రకారం బెల్లు కొట్టేదాకా బోర్డు పక్కన నిలబడే ఉన్నాను. మోకాళ్లు లాగేశాయి. అది శిక్ష అని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. సార్లు నిలబడే చెప్తారు కదా అనుకొని ఉంటారు.